అక్షరాలు ఎక్కడ పడుకుంటాయి

లైబ్రరీ, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల
శనివారం

మామయ్యకి,

నమస్కారాలు అక్కడికి, గొప్పలు ఇక్కడివి. ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం నిండా గొప్పలే ఉంటాయి. నచ్చకపోతే కళ్ళజోడు తీసేసి చదువుకో.

నిన్న ఫోన్‌లో నేను మూడుసార్లు అరిచినా నీకు ఒక్క ముక్క వినపడలేదు. నలభై ఏళ్ళు అచ్చుమిషన్ పక్కన నిలబడి చెవులు దానికే ఇచ్చేశావు కాబట్టి, అరిచిందంతా ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. మా లైబ్రరీలో నాకొక గది ఇచ్చారు. పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు కుర్చీలు, ఒక తెల్లబోర్డు. రెండు నెలల్లో పన్నెండు మంది పెద్దవాళ్ళకి వెబ్‌పేజీ తయారుచేయడం నేర్పాలి. ఒక టైలరమ్మ ఉంది, తాళాలు బాగుచేసే ఆయన ఉన్నాడు, రిటైరైన నర్సమ్మ ఉంది. రెండో నెలాఖరున ప్రదర్శన. ఆ రోజు ఎవరి పేజీ వాళ్ళు కమిటీ ముందు తెరిచి చూపిస్తే గది మాకు ఉండిపోతుంది. లేకపోతే పాత పేపర్ల కట్టలు పడేసుకునే కొట్టు అవుతుంది. కమిటీలో ఒకాయన ఇప్పటికే టేపు తెచ్చి గోడలు కొలుచుకుపోయాడు.

ఇప్పుడు నా తలనొప్పి విను. వెబ్‌పేజీ రాయాలంటే ఎడిటర్ అని ఒకటి కావాలి. నువ్వు అక్షరాలు పేర్చుకునే స్టిక్ లాంటిదనుకో. మామూలుగా దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించుకుంటారు. మా కంప్యూటర్లలో సూది కూడా ఎక్కించడానికి వీల్లేదు, అన్నిటికీ తాళాలు. వాటిని చూసుకోవడానికి మిషన్లాయన ఒకడు వస్తుంటాడు. వస్తాడు, వంగుతాడు, లేస్తాడు, పోతాడు. మాట మాత్రం పెగలదు. అందుకని ఇంటర్నెట్ చూసే బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఎడిటర్ వెతుక్కోవాల్సి వచ్చింది.

మూడు దొరికాయి. అసలు పేర్లు నీకెందుకు, నేను పెట్టిన పేర్లు చెప్తాను.

మొదటిది సర్వజ్ఞుడు. నువ్వు సగం మాట కొట్టేలోపు మిగతా సగం అదే కొట్టేస్తుంది. ఎంత తెలివో అంత బరువు. మా ముసలి కంప్యూటర్ల మీద అది తెరుచుకునేలోపు టైలరమ్మ ఒక చొక్కాకి కాజాలన్నీ కుట్టేస్తుంది. పైగా లోపలికి రావాలంటే ప్రతివాళ్ళూ పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ అప్పజెప్పాలి. రెండోది అద్దం. ఎడమవైపు రాస్తుంటే కుడివైపు పేజీ ఎలా ఉంటుందో అప్పటికప్పుడు కనిపిస్తుంది. అకౌంటూ గికౌంటూ అక్కర్లేదు. మూడోది పలక. బోసిగా ఉంటుంది. లైన్లకి నంబర్లు వేస్తుంది, గుర్తులకి రంగులేస్తుంది, అంతే. రాసింది ఫైలుగా దింపుకుని, ఆ ఫైలు విడిగా తెరిస్తే గానీ పేజీ ఎలా వచ్చిందో తెలియదు.

నా ఓటు అద్దానికని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అయినా నీ నోటితో ఒక మాట వింటే తృప్తి. పనిముట్ల విషయంలో నిన్ను మించిన చాదస్తుడు మన ఇంటావంటా లేడు.

నీ పిడుగు


మేడ మీది గది
బుధవారం

పిడుక్కి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం దిద్ది దీంతోపాటే వెనక్కి పంపుతున్నాను. నువ్వు మూడో తరగతిలో రాసిన మొదటి ఉత్తరం నుంచీ ఇదే కదా మన పద్ధతి. ఆరు తప్పులు. అప్పుడు నాలుగే ఉన్నాయి. చదువు పెరిగినట్టుంది.

చాదస్తుణ్ణన్నావు, ఒప్పుకున్నాను. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, పని రానివాడే పనిముట్టు మీద పడి ఏడుస్తాడని మా ఫోర్‌మన్ అనేవాడు. అది సగమే నిజం. మద్దెల నిజంగానే పగిలిపోయి ఉంటే ఎంత ఆడేదైనా ఏం ఆడుతుంది? కాబట్టి చూసుకునే తీసుకోవాలి.

నీ సర్వజ్ఞుణ్ణి గుమ్మం లోపలికి రానివ్వకు. నేర్చుకునేవాడికి తప్పు చూపించే పనిముట్టు కావాలి గానీ, చెప్పకుండా దిద్దేసేది కాదు. మా దగ్గర ఒక మహానుభావుడు, డాక్టరు రాసిచ్చిన పుస్తకంలో మందు పేరు తప్పనుకుని తనే సవరించి పేర్చాడు. దేవుడి దయ వల్ల డాక్టరు ప్రూఫ్ చూశాడు. లేకపోతే ఆ పుస్తకం చదివి ఎవరు ఏం మింగేవారో!

మిగతా రెంటి గురించీ నాకు తెలిసింది తక్కువ. రెండు ప్రశ్నలు మాత్రం అడుగుతాను. ఇంటర్నెట్ మధ్యలో పోతే చేతిలో ఉన్న పని ఏమవుతుంది? సాయంత్రం నువ్వు గది మూశాక ఆ అక్షరాలు ఎక్కడ పడుకుంటాయి?

నవ్వకు. మా ప్రెస్‌లో పేర్చిన ప్రతి పేజీనీ దారంతో చుట్టి కట్టి, ప్రూఫ్ తీసేవాళ్ళం. ఆ ప్రూఫ్ మీద సంతకం పడేదాకా దారం ఎవడూ విప్పకూడదు. విప్పితే సీసం అక్షరాలు తిరిగి పెట్టెలో వాటి గళ్ళలోకి వెళ్ళిపోతాయి. అక్షరాలన్నీ ఉంటాయి, పేజీ ఉండదు. అందుకే అడుగుతున్నాను.

మీ అత్తయ్య నిన్ను వేళకి తినమంది. నేను వేళకి రాయమంటున్నాను.

మామయ్య


లైబ్రరీ, అదే బల్ల
ఆదివారం, మూడు వారాల తర్వాత

మామయ్యకి,

ఆలస్యానికి క్షమాపణ లేదు. పనిలో ఉన్నాను, అదీ బ్రహ్మాండంగా!

అద్దమే ఖాయం చేశాను. మొదటిరోజు టైలరమ్మ రెండు వేళ్ళతో తన కొట్టు పేరు కొట్టింది. కుడివైపు పెద్ద అక్షరాలతో ప్రత్యక్షమైంది. "అమ్మో, ఇది నేనే చేశానా!" అని పక్కవాళ్ళందరినీ లేపింది. పలక పెట్టుంటే ఆ ముఖం చూసేదాన్నా? ఇప్పుడామె, ఎవరి బట్టలు ఏ రోజుకి తయారవుతాయో చూపించే పేజీ చేస్తోంది. తాళాలాయన ఏ తాళానికి ఏం జబ్బో బొమ్మలతో పెడుతున్నాడు. నర్సమ్మ పసిపిల్లలకి స్నానం చేయించడం గురించి రాస్తోంది. మధ్యమధ్యలో నన్నూ పసిపిల్లలాగే గదమాయిస్తోంది.

నీ మొదటి ప్రశ్నకి జవాబు: ఇంటర్నెట్ పోతే చేతిలో ఉన్నది చెడిపోదు, పరీక్షించాను. రెండో ప్రశ్నకి మాత్రం వద్దన్నా నవ్వాను. అక్షరాలు బ్రౌజర్‌లోనే పడుకుంటాయి మామయ్యా. మూసి తెరిచాను, ఉన్నాయి. కంప్యూటర్ని నిద్రపుచ్చి మర్నాడు లేపాను, ఉన్నాయి. ఎవరి కంప్యూటర్ మీద వాళ్ళే కూర్చుంటారు, ఎవరి పేజీ వాళ్ళకి ఎదురొస్తుంది. మా దగ్గర దారాల్లేవు, విప్పేవాళ్ళూ లేరు.

గదికి కళ కూడా తెచ్చాను. రంగురంగుల పోస్టర్ ఒకటి నేనే గీసి, గుమ్మం పక్కన కంటికెదురుగా అంటించాను. అక్కడేదో పాత కాగితం ఉంటే దాని మీదే వేసేశాను. 'తప్పు చేయండి, చూడండి, దిద్దండి' అని రాశాను. నీ మాటే. పేరు మాత్రం వేయలేదులే.

నీ పిడుగు


మేడ మీది గది
గురువారం

పిడుగా,

తప్పులు రెండు. మెరుగు.

టైలరమ్మ సంగతి చదివి మీ అత్తయ్య, నేనూ హాయిగా నవ్వుకున్నాం. కానీ నా రెండో ప్రశ్న నీ నవ్వులో కొట్టుకుపోయింది. గుర్తుపెట్టుకోవడం వేరు, దాచడం వేరు. మీ అత్తయ్య చెప్పిన సరుకులన్నీ నాకూ గుర్తుంటాయి, వీధి మలుపు దాకా. అందుకే చీటీ రాసిస్తుంది.

ఒక్కసారి అందరి చేతా ప్రూఫ్ తీయించు. కంప్యూటర్ బయటికి. ఎలాగో నీకే తెలియాలి.

మామయ్య


లైబ్రరీ, మెట్ల మీద కూర్చుని
మంగళవారం

మామయ్యా,

పోయాయి. పన్నెండు పేజీలూ పోయాయి.

నిన్న పొద్దున్న క్లాసుకి వచ్చి అందరూ అద్దం తెరిచారు. తెల్లగా ఉంది. ఐదు వారాల పని. టైలరమ్మ స్క్రీన్‌ని కొంగుతో తుడిచింది, దుమ్ము పట్టి కనిపించడం లేదేమోనని. ఆ తుడవడం చూసి నేను బయటికొచ్చేశాను.

మిషన్లాయన పని ఇది. అంతకుముందు రోజు వచ్చి అన్ని కంప్యూటర్లనీ కడిగేశాడట. కడగడమంటే కొత్తగా కొన్నరోజు ఎలా ఉన్నాయో అలా చేసేయడం. ఎవరికీ చెప్పాపెట్టకుండా తుడిచేశాడు. లైబ్రేరియన్ గారు అడిగితే ఆ మాటే చెప్పాను. ఆవిడ కమిటీకి చెప్పారు. వచ్చే గురువారం కాక పై గురువారం సమావేశం. ఇక ఈ మనిషిని పంపొద్దని వాళ్ళ కంపెనీకి ఉత్తరం రాస్తారట.

ప్రదర్శనకి ఇంకా నాలుగు వారాలు కూడా లేదు. టేపాయన మళ్ళీ వచ్చి గది మధ్యలో నిలబడి పైకప్పు చూశాడు.

నువ్వు చెప్పావు, నేను నవ్వాను. ఆ ముక్క నువ్వు అనకముందే నేనే అనేస్తున్నాను.

పిడుగు


మేడ మీది గది
శుక్రవారం

పిడుగా,

అనను. చేతులు కాలిన పిల్లకి ఆకుల సంగతి చెప్పే రోజు కాదిది.

నీ ఉత్తరం వెనక్కి పంపుతున్నాను. ఏడుస్తూ రాసినట్టున్నావు, అయినా అక్షర దోషం ఒక్కటీ లేదు. ఎర్ర గుర్తు ఒకే ఒక్కటి పెట్టాను. 'చెప్పాపెట్టకుండా' అన్నచోట, కింద, మొన పైకి ఉన్న గుర్తు. ఇక్కడేదో మాట జారిపోయింది, మూలప్రతితో సరిచూడండి అని దానర్థం.

ఆ మిషన్లాయన్ని నేనెరగను. కానీ నోరు పెగలని మనిషి పనిచేసే చోట గోడలే మాట్లాడతాయి. మా ప్రెస్‌లోనూ అంతే. చెప్పలేనివాడు రాసి పెడతాడు.

మూలప్రతి నీ దగ్గరే ఉంది. సరిచూసి రాయి.

మామయ్య


లైబ్రరీ, కిటికీ పక్క బల్ల
ఆదివారం

మామయ్యా,

క్లాసు మానలేదు. రోజూ వస్తున్నారు. తాళాలాయన, "పోయిన తాళంచెవి కోసం ఏడ్చేవాణ్ణయితే ఈ వృత్తిలో ఉండేవాణ్ణి కాదు" అన్నాడు. అందరికీ పలక చూపించాను, సర్వజ్ఞుణ్ణి కూడా మళ్ళీ చూపించాను. ఏది తీసుకోవాలో ఇంకా తేల్చలేదు. ఇంటర్నెట్ వేగం పెంచమని కూడా అడిగాను. కిటికీ రెక్క ఒకటి ఊడితే బాగుచేయించాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నాను.

కాగితం ఉంది. నా పోస్టర్ కింద.

ఆ రోజు, అందరూ కంగారుగా ఉన్నప్పుడు, లైబ్రేరియన్ గారు మిషన్లాయన్ని పిలిపించి గట్టిగా అడిగారు. ఆయన గుమ్మం పక్కకి తిరిగి నా పోస్టర్ వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. అందరూ పోయాక పోస్టర్ అంచు లేపి చూశాను. 'ఈ కంప్యూటర్లలో దాచుకున్నది రెండు నెలలకోసారి చెరిగిపోతుంది. మీ పని మీ వెంట తీసుకెళ్ళండి' అని ఉంది. కింద ఆయన చేత్తో రాసిన తేదీ. సరిగ్గా ఆ తేదీనే కడిగాడు.

అంచు మళ్ళీ అంటించేశాను మామయ్యా. అది కూడా రాయాలి కదా, మూలప్రతి అన్నావు.

ఇప్పుడు చెబితే, సొంత గదిలో గోడ మీది కాగితం చదవని మనిషికి గది ఎందుకంటారు. చెప్పకపోతే ఆయన పని పోతుంది. గురువారం సమావేశం. నాకు సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది. ఏం చేయమంటావు?

పిడుగు


మేడ మీది గది
సోమవారం (ఈసారి పోస్టులో వేయలేదు. అటు వస్తున్న పక్కింటాయన చేతికిచ్చాను, సాయంత్రానికి నీకు అందుతుంది.)

అమ్మడూ,

నీ ఉత్తరంలో దిద్దడానికి ఏమీ లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

నువ్వింకా పుట్టని రోజుల సంగతి ఒకటి చెప్తాను. మీ అత్తయ్యకి కూడా తెలియదు. మా ప్రెస్‌లో నా పక్కనే ఒకతను అక్షరాలు పేర్చేవాడు. ఎడమచేతివాటం. అందరం ఎడంచెయ్యి అనే పిలిచేవాళ్ళం. పనిలో నాకు సాటి అతనొక్కడే. నాకంటే నెమ్మది, నాకంటే శుభ్రం.

పిల్లల లెక్కల పుస్తకం నడుస్తోంది. పదహారు పేజీలు కట్టి బల్ల మీద ఉన్నాయి. ప్రూఫ్ ఒప్పుకున్న చీటీ చూశాను, సంతకం ఉంది, విప్పేశాను. నా చేతి వేగం చూసి నాకే ముచ్చటేసేది ఆ రోజుల్లో. పదహారు పేజీలూ గళ్ళలోకి పోయాక తెలిసింది, ఆ చీటీ ముందు పదహారు పేజీలది. వీటికి ప్రూఫే తీయలేదు.

యజమాని వచ్చి విప్పిందెవరని అరిచాడు. అంతకు ముందు వారమే ఎడంచెయ్యి ఒక అక్షరాల పెట్టె కింద పడేసి ఉన్నాడు. అందరూ అతని వంక చూశారు. నేనూ చూశాను. అబద్ధమాడలేదు. అందరితోపాటు అటు చూశాను, అంతే.

అతన్ని ఆ పూటే పంపేశారు. ముప్పై ఎనిమిదేళ్ళయింది.

నువ్వు రేపే వెళ్ళు, గురువారం దాకా ఆగకు. పోస్టర్ ఊడదీసి ఆ కాగితం చేత్తో పట్టుకుని వెళ్ళు. ఒక్క వాక్యం చాలు. అందులో 'అయితే', 'కానీ' వేశావో, ఇక్కణ్ణుంచే కొట్టేస్తాను.

గది పోతే పోనీ అననమ్మా. గది కూడా నీకే ఉండాలి. నీకు చేతులున్నాయి, వాళ్ళకి చేతులున్నాయి, రోజులు కూడా ఉన్నాయి. ముందు ఆ మాట చెప్పేసిరా.

మామయ్య


లైబ్రరీ, రెండో అంతస్తు
శనివారం

మామయ్యకి,

నమస్కారాలు. గొప్పలు మళ్ళీ మొదలు!

కాగితం, పోస్టర్ కలిసి అతుక్కుపోయి విడిగా రాలేదు. రెండూ కలిపే పట్టుకెళ్ళి మంగళవారం లైబ్రేరియన్ గారి బల్ల మీద పెట్టాను. "చెరిపేస్తామని ఆయన ముందే రాసి పెట్టారు. దాని మీద పోస్టర్ అంటించింది నేను." అంతే అన్నాను. రెండు వాక్యాలయ్యాయి, క్షమించు. ఆవిడ చాలాసేపు ఆ కాగితం తిప్పి చూశారు. "ఇదే మాట గురువారం అందరి ముందూ చెప్పగలవా?" అన్నారు. చెప్పాను.

టేపాయన వెంటనే, "అయితే గది ఎప్పుడు ఖాళీ చేస్తారు?" అన్నాడు. "ప్రదర్శనకి ఇంకా పదహారు రోజులుంది. పదిహేడో రోజు అడగండి" అన్నాను. ఎవరో నవ్వారు. కంపెనీకి రాసిన ఉత్తరం లైబ్రేరియన్ గారు అక్కడే చింపేశారు.

మిషన్లాయన్ని మెట్ల మీద పట్టుకున్నాను. క్షమించమన్నాను. "కాగితం మీద కాగితం అంటించొద్దని ఇంకో కాగితం పెట్టాల్సింది" అన్నాడు. ఆ మనిషి హాస్యమాడతాడని ఈ భవనంలో ఎవరికీ తెలియదు.

మర్నాడు క్లాసులో అందరికీ నిజం చెప్పి, ఎడిటర్ ఏది కావాలో వాళ్ళనే అడిగాను. నేను ఒకసారి ఎంచి చూపించాను కదా, చాలు. నర్సమ్మ సర్వజ్ఞుడైతే తొందరగా అవుతుందంది. టైలరమ్మ అడ్డుపడింది. "కుట్టే మిషన్ ఎవరిదైనా ఫర్వాలేదమ్మా. కుట్టిన గుడ్డ మాత్రం సాయంత్రానికి నా సంచిలో ఉండాలి" అంది. ఇంక ఓట్లెందుకు? పలకే. రాసింది ఫైలుగా చేతికిస్తుంది. ఎవరి ఫైలు వాళ్ళ పెన్‌డ్రైవ్‌లో వాళ్ళింటికి పోతుంది. తాళాలాయన పెన్‌డ్రైవ్‌ని తాళాల గుత్తికే తగిలించుకున్నాడు.

నీ ప్రూఫ్ కూడా పెట్టాను. సాయంత్రం వెళ్ళేముందు ఎవరి ఫైలు వాళ్ళు పక్కవాళ్ళ కంప్యూటర్ మీద తెరవాలి. పక్కవాళ్ళు చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. సంతకం లేనిదే కుర్చీ వదలకూడదు. ఇంకో వింత విను. ఐదు వారాలు పట్టిన పేజీని టైలరమ్మ చూడకుండా రెండు పూటల్లో మళ్ళీ రాసేసింది. పేజీలు పోయాయని ఏడ్చాను గానీ, అవన్నీ చేతుల్లో ఉన్నాయి మామయ్యా.

నీ పిడుగు


లైబ్రరీ, మా గది
ఆదివారం, ప్రదర్శన అయిన మర్నాడు

మామయ్యకి,

నీ జవాబు కోసం ఆగలేక మళ్ళీ రాస్తున్నాను.

పన్నెండు మందిలో ఇద్దరు మధ్యలోనే మానేశారు. పది మంది వచ్చారు. కమిటీ కూర్చుంది, టేపాయన టేపుతో సహా. మిషన్లాయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను లేచి, "మొదలుపెట్టేముందు ఈ కంప్యూటర్లన్నీ ఒకసారి కడిగించాలి" అన్నాను. లైబ్రేరియన్ గారి ముఖం పాలిపోయింది. మిషన్లాయన నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "నిజంగా కడగమంటారా?" అన్నాడు.

"కడగండి. అందరూ చూస్తుండగా కడగండి" అన్నాను.

పావుగంట పట్టింది. ఒకటొకటే నల్లబడి, ఒకటొకటే తెల్లగా తెరుచుకున్నాయి. ఏమీ లేదు వాటిలో. అప్పుడు పది సంచులు తెరుచుకున్నాయి. తాళాలాయన గుత్తి గలగలలాడించి మరీ గుచ్చాడు. టైలరమ్మ పేజీ తెరుచుకోగానే టేపాయన వంగి చూసి, "ఇందులో నా ప్యాంటు శుక్రవారం అని ఉందే!" అన్నాడు. "శుక్రవారమే. ముందు కొలతలు సరిగ్గా ఇవ్వండి" అంది. అందరం పొట్టలు పట్టుకున్నాం.

నర్సమ్మ పెన్‌డ్రైవ్ మొరాయించింది. ఆమె దాన్ని పక్కన పడేసి, కమిటీని కూర్చోమని గదమాయించి, పలక తెరిచి వాళ్ళ కళ్ళముందే రాసింది. పావుగంటలో స్నానం దాకా వచ్చింది. ఒళ్ళు తుడవడం ఒక్కటే మిగిలింది.

గది మాదే. మిషన్లాయన మానేసిన ఇద్దరి కుర్చీల్లో ఒకటి తనకి కావాలని అడిగాడు.

ఇప్పుడు నీ వంతు. నువ్వు నాకు రాసిన ఎడంచెయ్యి ఉత్తరం దీంతోపాటు వెనక్కి పంపుతున్నాను. ఎర్ర పెన్ను కొనుక్కున్నాను. గుర్తు ఒక్కటే పెట్టాను, 'అటు చూశాను, అంతే' అన్నచోట, 'అంతే' తర్వాత. అర్థం నీకు నేను చెప్పక్కర్లేదు. అడ్రసు లేదనకు.

నీ పిడుగు


మేడ మీది గది
ఆదివారం

అమ్మడూ,

అడ్రసు ఉంది. ఎప్పుడూ ఉంది. ఏళ్ళ క్రితం వాళ్ళమ్మాయి పెళ్ళికి నాకు శుభలేఖ పంపాడు. నేను వెళ్ళలేదు. కవరు మాత్రం పారేయలేదు.

నీ ఎర్ర గుర్తు రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని చూశాను. మీ అత్తయ్య ఏమిటని అడిగింది. మొత్తం చెప్పాను. కలం తెచ్చి నా ముందు పెట్టింది. కాగితాలు నాలుగు చింపాను. చివరికి నీలాగే రెండు వాక్యాలు రాసి, వాటి కింద నీ క్లాసు కబుర్లు చేర్చి పంపాను.

వారం తిరిగేసరికి, నిన్న, జవాబొచ్చింది. అతని మాటలే రాస్తున్నాను:

'ఆ పదహారు దారాలూ విప్పి, వేళ్ళకి చుట్టి, బల్ల అంచున వరుసగా పెట్టావు. అన్నీ కుడిచేతి చుట్టు. నేనైతే అటు నుంచి ఇటు చుడతాను. ఆ రోజే చూశాను. నువ్వు ఇప్పుడు చెప్తావు, ఇప్పుడు చెప్తావు అని నీ వంకే చూశాను. నువ్వు అటు తిరిగావు. ఇంట్లో నీకు నెల తిరగని పిల్ల ఉంది కదా, అందుకే అనుకున్నాను. శుభలేఖ పంపింది కూడా, వస్తే చెప్తావేమోనని. ఇప్పుడు చెప్పావు. బాగుంది. వచ్చే వారం నేనే వస్తున్నాను, గట్టిగా మాట్లాడు, నాకూ చెవులు పోయాయి.'

ఇది చదివి నేను ఏడ్చాను. ఈ వయసులో దాచడమెందుకు, ఏడ్చాను. మీ అత్తయ్య అతనొచ్చే రోజు ఇంకా తేలకుండానే ఇల్లంతా సర్దేస్తోంది.

ఉత్తరం చివర ఒక ముక్క నీకు. ఆ కబుర్లలో నీ పలక గురించీ, మిగిలిన కుర్చీల గురించీ రాశాను. రెండు కుర్చీల్లో ఒకటి మిషన్లాయనకి పోగా, ఇంకోటి ఖాళీయేనా అని అడిగాడు. ఎడమచేత్తో కొడితే ఆ పలక ఏమీ అనదు కదా అని కూడా అడిగాడు.

ఏమీ అనదని రాసేశాను. ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వకు.

మామయ్య